నేల మీది పని

గాలయ్య తన సొంత అక్కను నేల మీద కూర్చోబెట్టి చంపాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఆ అక్క గంగాబాయి దినాల నాడే ఆమె మొగుడు సిద్ధిరాములు ఈ మాట కులపోళ్లందరి ముందు అన్నాడు. అప్పటి నుంచి బామ్మర్ది గడప తాను తొక్కలేదు, తన గడప బామ్మర్దిని తొక్కనివ్వలేదు.

అలాంటివాడి కార్ఖానాకు వెళ్లి కోడలు పని అడిగి వచ్చింది. మొగుడికి చెప్పింది, మామకు చెప్పలేదు. బుధవారం బజార్లో ఎవరో అంటే సిద్ధిరాములుకు తెలిసింది. ఆ పూట నుంచి అతను కోడలి చేతి కూడు ముట్టలేదు. మూల మీది హోటల్లో పావ్ ముక్క చాయ్‌లో ముంచుకుని తింటున్నాడు. ఇంటికి వచ్చి, తినలేదన్న సంగతి అందరికీ తెలిసేలా ఇనుప మంచం మీద కూర్చుంటున్నాడు.

ఆ రోజు శుక్రవారం. భివండీలో కరెంటు సాంచాలు ఆగే రోజు. మగ్గాల మోత లేకపోతే తెలుగు నేతవాళ్లు ఉండే పద్మనగర్ ఒంటిగది ఖోలీల్లో మాటలు గోడలు దాటిపోతాయి. ఎవరింట్లో జగడమైనా పక్కింటివాళ్లు గిన్నెల చప్పుడు ఆపి వింటారు.

పొద్దున కోడలు కోమల్ పొయ్యి మీది చాయ్ గిన్నె దించబోయింది. కుడిచేతి వేళ్లకు పట్టు తెలియలేదు. గిన్నె జారి వేడి చాయ్ పాదం మీద పడింది. ఉలిక్కిపడి తల తిప్పింది. మెడ అక్కడే బిగుసుకుపోయింది.

ఇప్పుడు ఆమె చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. తల కింద పాత చీరల మడతలు ఎత్తుగా పెట్టుకుంది. కళ్లు మాత్రమే కదుపుతోంది. మొగుడు రమేశ్ గుడ్డతో నేల మీది చాయ్ తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు.

"మంచి ఉపాయమే దొరికింది" అన్నాడు సిద్ధిరాములు మంచం మీది నుంచి. "రేపు పనికి ఎగ్గొట్టొచ్చు."

రమేశ్ గుడ్డ పిండటానికి గిన్నెలు తోమే మోరీ దగ్గరికి వెళ్లాడు.

రమేశ్ కనేరిలో కొన్ని సాంచాలు కిరాయికి తీసుకుని నడుపుతున్నాడు. తండ్రి పొద్దంతా అక్కడే తలుపు పక్కన కూర్చుని పనివాళ్ల మీద కన్నేసి ఉంచుతాడు. కోమల్ ఆ సాంచాల సందులోనే కండెలు చుడుతుంది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలు. యంత్రం నేలకు జానెడు ఎత్తున ఉంటుంది. దాని ముందు కూర్చున్న మనిషి దానికి తగ్గట్టు వంగాల్సిందే. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆమె అలా వంగే ఉంది.

నడుము నొప్పి అన్నప్పుడల్లా సిద్ధిరాములు ఒకటే అడిగేవాడు: తాను జీవితమంతా సాంచాల మధ్య నిలబడ్డాడు, తన నడుముకు ఏమైంది? మెడ నొప్పి అన్నప్పుడూ అదే అడిగాడు. అందుకే కోమల్ చెప్పడం మానేసి, మందుల దుకాణానికి మొగుణ్ని పంపడం మొదలుపెట్టింది.

రమేశ్ మోరీ దగ్గరి నుంచి వచ్చి, తండ్రి వైపు చూడకుండా, ఏంజెలీనాను పిలిచానని చెప్పాడు.

ఏంజెలీనా వెనక వరుసలో ఉండే దేవానందం బిడ్డ. ఎముకలకూ కండరాలకూ వ్యాయామంతో వైద్యం చేసే చదువు చదివి, ఠాణా పట్నంలో ఒక దవాఖానలో పని చేస్తోంది. పద్మనగర్‌లో ఇంకా చాలామందికి ఆమె చేసేది మాలిషా, మందా అన్నది తేలలేదు.

ఆమె చెప్పులు బయట విడిచి లోపలికి రాగానే సిద్ధిరాములు అందుకున్నాడు.

"దేవానందం బిడ్డవు గదా. మా ఇంట్ల ప్రార్థన చేసిపోను వచ్చినవా, మెడ తిప్పను వచ్చినవా?"

"మెడ తిప్పేటోళ్ల చేతుల వడకుండ సూడను వచ్చిన కాకా" అంది ఆమె, చాప పక్కన మోకాళ్ల మీద కూర్చుంటూ.

సిద్ధిరాములు నిజంగానే మెడ తిప్పించాలన్న మాట మీద ఉన్నాడు. శాంతి నగర్‌లో ఒక మంగలి ఉన్నాడు, గడ్డం గీసినాక తల రెండు చేతుల్లో పట్టుకుని ఒక్క ఝట్కా ఇస్తాడు, పటుక్కున శబ్దం వస్తుంది, మనిషి లేచి పనికి పోతాడు. రిక్షాలో తీసుకుపోతే అరగంటలో పనైపోతుందని అతను పొద్దుటి నుంచి అంటున్నాడు. ఆ సంగతి రమేశ్ చెప్పగానే ఏంజెలీనా కోమల్ వేళ్లను ఒక్కొక్కటే ముట్టి చూస్తున్నదల్లా ఆగింది.

వేళ్లు మొద్దుబారిన మనిషి మెడకు ఝట్కా ఇస్తే చెయ్యే పోవచ్చని చెప్పింది. నెమ్మదిగానే చెప్పింది. కానీ ఆ తర్వాత మంగలి మాట ఎవరూ ఎత్తలేదు.

"నేనిట్ల గిచ్చితే తెలుస్తున్నదా వదినా?"

"బొటనవేలు తెలుస్తున్నది. పక్కది జర జర."

"ఎన్ని దినాల సంది?"

"దినాలు గాదు. చలికాలం సంది."

ఏంజెలీనా రమేశ్ వైపు చూసింది. అతను కిందికి చూశాడు.

ఆమె కోమల్ తల కింది చీరల మడతలు తీసేసింది. ఒక తువ్వాలు సన్నగా చుట్టి మెడ వంపు కింద పెట్టింది. తల ముందుకు తోసే ఎత్తు దిండు మెడను రాత్రంతా వంచే ఉంచుతుందని, పగలు వంగిన మెడకు రాత్రయినా సాపుగా ఉండే వేళ కావాలని అంది. వేడినీళ్లలో గుడ్డ ముంచి పెట్టమంది. అలాగని రోజుల తరబడి పడుకోవద్దంది, కాస్త నెమ్మదించాక లేచి ఇంట్లోనే తిరగమంది.

"దిండు తీసేటందుకు ఠాణాల చదువాలెనా" అన్నాడు సిద్ధిరాములు.

"తీసినోళ్లు లేకనే గదా కాకా నన్ను పిలిచిండ్రు."

తర్వాత ఆమె, కోమల్ పని దగ్గర ఎట్లా కూర్చుంటుందో చూపించమంది. కోమల్ లేవలేదు కాబట్టి రమేశ్ కూర్చుని చూపించాడు. నేల మీద ఒక కాలు మడిచాడు, ఇంకో కాలు పక్కకు చాపాడు, గడ్డం రొమ్ముకు ఆనేలా వంగాడు. ఎడమచేతితో కదురు పట్టుకున్నట్టు పెట్టి, కుడిచెయ్యి వెనక్కి తిప్పి ఖాళీ కండెల బుట్టలోకి పోనిచ్చాడు. మొగవాడికి అలా కూర్చోవడం కుదరలేదు. రెండుసార్లు పక్కకు ఒరిగాడు.

"సిగ్గు లేకుంటె సరి" అన్నాడు తండ్రి. "ఆడదాని లెక్క కూసొని సూపిస్తున్నడు."

"గట్లనే ఉండన్నా, లేవకు" అంది ఏంజెలీనా. కోమల్‌ను పరీక్షిస్తూనే, ఆమె పని గురించి ఒకటొకటిగా అడిగింది. రమేశ్ అట్లాగే ఒరిగి కూర్చుని ఉన్నాడు. అతని చెవుల మొదళ్లు ఎర్రబడ్డాయి. చివరికి, తొందరగా అడుగమ్మా, మెడ గుంజుతున్నది, అన్నాడు.

కోమల్ పెదవుల మీదికి నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి పెట్టింది.

ఏంజెలీనా చెప్పినవి పెద్ద విషయాలేం కావు. యంత్రాన్ని మోచేతి ఎత్తుకు లేపాలి. మనిషి బల్ల మీద కూర్చోవాలి, పాదాలు నేలకు ఆనాలి. ఖాళీ కండెలు వెనక కాదు, ముందు ఉండాలి. ఒక వాయి కండెలు నిండినప్పుడల్లా లేచి, నాలుగడుగులు నడిచి, భుజాలు వెనక్కి విరిచి మళ్లీ కూర్చోవాలి. నిండిన సంచి ఒక భుజానికి వేసుకుని మొయ్యకూడదు. రెండు చిన్న సంచులు చెయ్యాలి, వంగేటప్పుడు నడుము కాదు, మోకాళ్లు వంచాలి, బరువును కడుపుకు దగ్గరగా పెట్టుకుని లేవాలి. మోరీ దగ్గర గొంతుకూర్చుని గిన్నెలన్నీ ఒక్క ఊపున తోమకూడదు. నీళ్ల బకెట్ సగమే నింపాలి. నొప్పి వచ్చాక చేసే వైద్యం కంటే ఇవి చవక, ఇవి రోజూ చెయ్యాలి, నొప్పి తగ్గాక కూడా మానకూడదు.

సిద్ధిరాములు ఇదంతా విన్నాడు. ఇందులో ఒక్క మందు పేరు కూడా లేదని గమనించాడు. మందు లేని వైద్యాన్ని అతను వైద్యమనుకోలేదు.

"కార్ఖానాల బల్ల దొరుకుతదా అన్నా?" అని ఏంజెలీనా రమేశ్‌ను అడిగింది.

"ఉన్నది. నేనే తెచ్చి పెట్టిన, పోయిన ఎండకాలం."

"మరి వదిన దాని మీద ఎందుకు కూసుంటలేదు?"

రమేశ్ లేచి నిలబడి లుంగీ దులుపుకున్నాడు. కోమల్ కళ్లు పైకప్పు రేకుల మీదికి పోయాయి. బయట ఎవరో బకెట్ కింద పెట్టిన చప్పుడు వినిపించింది. పక్క ఖోలీలో రేడియో ఆపేశారు.

జవాబు సిద్ధిరాములే చెప్పాడు. అందులో దాచాల్సిందేమీ అతనికి కనపడలేదు.

"మా ఇండ్లల్ల కోడండ్లు మామల ముంగట ఎత్తు మీద కూసోరు. మా అవ్వ కూసోలే. దీని అత్త కూసోలే. మీ దిక్కు ఎట్లనో నాకు తెల్వదు."

ఏంజెలీనా అతని వైపు తిరిగింది.

"మీరు లేనప్పుడు కూసోవచ్చు గదా?"

"మామయ్య పొద్దంత అక్కడనే ఉంటడు" అంది కోమల్. చాప మీది నుంచి వచ్చిన ఆ గొంతులో ఫిర్యాదు లేదు. అందుకే సిద్ధిరాములుకు అది ఇంకా కోపం తెప్పించింది.

"నా మీదికి నెడుతున్నవా?"

"లేదు మామయ్యా. అడిగింది, చెప్పిన."

"అందుకనే గాలిగాని దగ్గరికి పోయినవా? ఆడ మామ ఉండడని?"

"అవు" అంది కోమల్.

ఇది అతను అనుకోని జవాబు. మొన్నటి నుంచి అతను దీనికి వేరే కారణాలు కట్టుకున్నాడు. గాలయ్య కూలి ఎక్కువ ఇస్తానని ఆశ పెట్టి ఉంటాడు. తన మీద కక్షతో కోడల్ని లాక్కుపోతున్నాడు. గాలయ్య పెళ్లాం కనకవ్వ తీపి మాటలు చెప్పి ఉంటుంది. ఇన్ని కారణాల్లో బల్ల అనేది లేదు.

ఏంజెలీనా అడగాల్సింది ఇంకొకటి మిగిలింది. నొప్పికి ఏం వాడుతున్నావని అడిగింది. రమేశ్ బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి గోలీల రేకులు తీసి ఇచ్చాడు. చాలావరకు ఖాళీవే. గులాబీ రంగు గోలీలు.

సిద్ధిరాములు ఆ రంగును గుర్తుపట్టాడు.

గంగాబాయి కొంగు ముడిలో ఎప్పుడూ అవే ఉండేవి. పొద్దున చాయ్‌తో ఒకటి, పొద్దుగూకి ఒకటి. నడుము మీద చెయ్యి పెట్టుకుని లేచేది, గోలీ వేసుకునేది, మళ్లీ కూర్చునేది. ఏళ్ల తరబడి వేసుకుంది. చివరికి ముఖం ఉబ్బింది, కాళ్లు ఉబ్బాయి. నొప్పి గోలీలు మూత్రపిండాలను తినేశాయని డాక్టరు చెప్పినప్పుడు, గోలీ పేరు సిద్ధిరాములు మనసుకు ఎక్కించుకోలేదు. ఎవరి కార్ఖానాలో కూర్చుని ఆమెకు ఆ నొప్పి వచ్చిందో దాన్నే ఎక్కించుకున్నాడు.

"ఇవ్వి రోజు ఎన్ని?" అంది ఏంజెలీనా.

"పొద్దుగాల ఒకటి. రాత్రికి ఒకటి. పని జాస్తి ఉంటె నడుమల ఇంకొకటి."

"ఎవరు తెచ్చిస్తున్నరు?"

"నేనే" అన్నాడు రమేశ్.

సిద్ధిరాములు కొడుకును తిట్టాడు. పేరుతో కాదు, బూతు మాటతో పిలిచాడు. తల్లిని తిన్న గోలీ పెళ్లానికి పెడుతున్నావా అన్నాడు. రమేశ్ ఒక్కసారి తలెత్తి, మరి ఏం పెట్టమంటవు బాపూ, చెప్పు, అని అడిగాడు.

ఏంజెలీనా రేకులు సంచిలో వేసుకుంది. సోమవారం కోమల్‌ను ఠాణాకు తీసుకురమ్మంది, పెద్ద డాక్టరు చూడాలంది. ఇప్పుడైతే నరం నలుగుతోంది, ఇట్లాగే ఇంకా కూర్చుంటే నలిగినది నలిగినట్టే ఉండిపోతుంది, అప్పుడు ఆ చెయ్యి కండె కాదు, ముద్ద కూడా పట్టదు అంది. నేల మీది పని ఆపాలి, లేదా పని ఎత్తు పెంచాలి. మూడో దారి లేదు.

అప్పుడే బయట చెప్పుల చప్పుడు ఆగింది. గుమ్మం దగ్గర ఒక మనిషి నీడ పడింది.

గాలయ్య వచ్చాడు.

గడప దాటలేదు. బయటే నిలబడ్డాడు. మనిషి లావయ్యాడు, జుట్టంతా తెల్లబడింది. అక్క దినాల తర్వాత ఈ ఇంటి ముందు నిలబడటం ఇదే. పక్క ఖోలీల తలుపులు ఓరగా తెరుచుకున్నాయి.

"మామా, లోపటికి రా" అన్నాడు రమేశ్.

"వాన్ని పిలవనీకి నువ్వెవనివిరా?" అన్నాడు సిద్ధిరాములు. "ఈ ఖోలీ నా పేరు మీదున్నది."

"నేను లోపటికి రాను బావా" అన్నాడు గాలయ్య. "పిల్లకు మెడ వట్టిందని తెలిసింది. ఒక్క మాట చెప్పిపోత."

చెప్పాడు. తన కండెల గదిలో యంత్రాలన్నీ ఇనుప స్టాండ్ల మీద ఉన్నాయి. ఆడవాళ్లంతా బల్లల మీదే కూర్చుంటారు. కోమల్ బాగయ్యాక వస్తానంటే రావచ్చు. రావడం బావకు ఇష్టం లేకపోతే ఒక స్టాండు, ఒక బల్ల తానే కనేరికి పంపుతాడు. అక్కడే వేసుకోండి. పిల్ల చెయ్యి పాడు కానీయకండి.

సిద్ధిరాములు మంచం మీది నుంచి లేవలేదు. లేస్తే మర్యాద ఇచ్చినట్టవుతుంది.

"ఇప్పుడు స్టాండ్లు, బల్లలు" అన్నాడు. "మనిషి సచ్చినంక. మీ అక్కను మాత్రం నేల మీద కూసోవెట్టినవు. ఏండ్ల కేండ్లు. లేస్తె కసురుకున్నవు. నడుములు పోయినా సూడలే. ఇప్పుడు నా కోడలి మీద పడ్డదా నీ ప్రేమ?"

"కసురుకున్న" అన్నాడు గాలయ్య. "అది అబద్ధం కాదు."

"ఇన్నరా?" సిద్ధిరాములు తెరుచుకున్న తలుపుల వైపు గొంతు పెంచాడు. "వాడే ఒప్పుకుంటున్నడు."

"ఇంకొకటి సుత ఉన్నది బావా. అది నువ్వు ఒప్పుకుంటవా?"

"ఏంది?"

గాలయ్య చెప్పకుండా వెళ్లిపోదామనుకున్నట్టు ఒకసారి గల్లీ వైపు చూశాడు. రమేశ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"చెప్పు మామా."

"మీ అవ్వకు నడుము నొప్పి సురువైన ఏడాదే నేను బల్ల చేయిచ్చిన" అన్నాడు గాలయ్య రమేశ్‌తోనే. బావ వైపు చూడలేదు. "మిషిని కింద ఇటుకలు వెట్టి ఎత్తు చేసిన. అక్క కొన్ని దినాలు మంచిగనే కూసున్నది. నొప్పి తక్కువున్నది తమ్మీ అన్నది. ఒకనాడు మీ తాత వచ్చిండు కార్ఖానాకు. మీ బాపు గప్పుడు నా దగ్గరనే సాంచ మీద ఉన్నడు. అక్క బల్ల మీద ఉన్నది. మీ బాపు ఏమన్నడో నా పనోళ్లందరు ఇన్నరు."

"ఏమన్నడు?"

"గద్దెక్కినవా రాణీ, మా నాయినను నేల మీద నిలవెట్టి, అన్నడు."

రమేశ్ గుమ్మం చట్రం పట్టుకున్నాడు.

"అందరు నవ్విండ్రు" అన్నాడు గాలయ్య. "నేను సుత నవ్విన. అక్క దిగింది. ఒక్క మాట అనలే. మిషిని కింద ఇటుకలు తనే తీసి గోడకు పేర్చింది. మల్ల ఎన్నడు బల్ల ముట్టలే. మీ తాత సచ్చినంక గూడ ముట్టలే. నేను సేటును. కూసో అని హుకుం చేస్తే కూసునేదేమో. చెయ్యలే. నేల మీద కూసున్నా నా కండెలు నాకు వస్తనే ఉన్నయి. గది నాది. బావ నన్ను చంపినోడు అంటుంటె నేను ఇన్నేండ్లు నోరు మూసుకున్నది గందుకే."

సిద్ధిరాములుకు ఆ మాట గుర్తుంది. గుర్తు లేదని ఎవరైనా అంటే అది అబద్ధం. కానీ దాన్ని అతను ఎప్పుడూ ఒక సంగతిగా లెక్కపెట్టలేదు. ఇంట్లో రోజూ అనే మాటల్లో అదొకటి. పెళ్లాన్ని పదిమందిలో ఒక మాట అనని మొగుడు ఆ కార్ఖానాలో లేడు. ఆ మాట తర్వాత తాను తెగిన పోగులు అతుక్కుంటూ ఇంకో సాంచ దగ్గరికి పోయాడు. ఆమె ఇటుకలు తియ్యడం చూశాడా లేదా అన్నది మాత్రం అతనికి తెలియదు. చూసే ఉంటాడు. అడ్డం ఏమీ లేదు.

"బాపూ" అన్నాడు రమేశ్. "నిజమేనా?"

సిద్ధిరాములు పక్కనున్న తువ్వాలు తీసి మడత పెట్టసాగాడు.

"బాపూ, అడుగుతున్న."

"వాడు చెప్పంగ ఇన్నవు గదా. వాన్నే నమ్ము. వాడు నీకు మేనమామ. నేనెవన్ని?"

"నిజమేనా కాదా?"

"మీ అవ్వ ఎన్నడన్న చెప్పిందా నీకు? చెప్పలే. నొప్పి ఆమెది, మాట ఆమెకు. ఆమె చెప్పని ముచ్చట వీడు మోసుకొచ్చి వాకిట్ల పోస్తున్నడు."

"నాకు చెప్పింది మామయ్యా" అంది కోమల్.

అందరూ చాప వైపు తిరిగారు.

"పెండ్లయిన కొత్తల. నేను కార్ఖానాల పనోళ్లు కూసునే బల్ల గుంజుకుంటుంటె చెయ్యి వట్టి ఆపింది. వద్దు బిడ్డా, మీ మామ అంటడు, అన్నది. ఒక్క మాట కోసం నేను ఇంత గోస వడ్డ, నువ్వు ఆ మాట పడకు, అన్నది. బల్ల మీద కూసోకు అన్నదా, నేల మీద కూసోకు అన్నదా, నాకు గప్పుడు సమజ్ కాలే. నేను నేల మీద కూసున్న."

సిద్ధిరాములు కోడలి వైపు చూశాడు. గంగాబాయి తనకు చెప్పనిది ఈ పిల్లకు చెప్పింది. బామ్మర్ది మాట కంటే ఇది అతనికి ఎక్కువ గుచ్చుకుంది. గుచ్చుకున్న చోట నుంచి వచ్చింది కోపమే.

"సచ్చినామె పేరు మీద నువ్వు సుత సురు చేసినవా? ఇగ ఎవలెవలు ఉన్నరు చెప్పుండ్రి. గల్లీల అందరు రాండ్రి. ఒక్కొక్కలు ఒక్కొక్కటి చెప్పుండ్రి."

"బస్ మామయ్యా" అంది కోమల్. "నకో, ఇగ వద్దు."

ఆమె లేవబోతోందని మొదట ఏంజెలీనా గమనించింది. తల ఎత్తొద్దని, ముందు పక్కకు తిరగమని చెప్పింది. కోమల్ మోకాళ్లు మడిచింది. భుజమూ నడుమూ ఒక్కసారే కదిలేలా పక్కకు ఒత్తిగిల్లింది. కాసేపు ఆగింది. మోచెయ్యి నేలకు ఆనించి, ఇంకో అరచెయ్యి నొక్కి, మెడ వంచకుండా పైకి లేచింది. రమేశ్ పట్టుకోవడానికి వచ్చాడు. ఏంజెలీనా వద్దని చెయ్యి చూపింది.

కోమల్ నిలబడింది. తల ఒక పక్కకే ఉంది. కాలి మీద చాయ్ బొబ్బ మెరుస్తోంది. ఆమె రెండడుగులు వేసి, మామ కూర్చున్న మంచం రెండో కొసన కూర్చుంది. పాదాలు నేలకు ఆనించింది. వీపు నిటారుగా పెట్టింది.

ఈ ఇంట్లో ఆమె అతని ముందు ఎత్తు మీద కూర్చోవడం అదే మొదలు. ఇనుప మంచం ఆమె బరువుకు కొంచెం వంగింది. ఆ కదలిక సిద్ధిరాములు కూర్చున్న చోటు దాకా వచ్చింది.

పక్క ఖోలీ గుమ్మంలో నిలబడ్డ ముసలమ్మ రామవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గాలయ్య నేల వైపు చూస్తున్నాడు. రమేశ్ తండ్రి ముఖంలోకి చూస్తున్నాడు.

కోమల్ తల తిప్పలేదు, తిప్పలేదు కాబట్టి ఎదురుగా ఉన్న గోడతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"నేను గాలి మామ దగ్గరికి పోను. మీకు ఇష్టం లేదు, పోను. కనేరికే వస్త. కానీ బల్ల మీద కూసుంట. మీరు తలుపు కాడనే ఉంటరు, నేను మీ ముంగటనే బల్ల మీద కూసుంట. మీరు కూసో అంటేనే కూసుంట. అనకుంటె ఇగ పనే చెయ్య. ఒక్క మాట చెప్పుండ్రి మామయ్యా. నేను ఇట్ల కూసుంటె మీకేమైతది?"

కూసో అనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట కోసం ఖోలీలో ముగ్గురు, గడప బయట గాలయ్య, గల్లీలో ఇంకొందరు ఆగి ఉన్నారు. ఆ మాట అంటే, అప్పుడు గంగాబాయితో అనకపోవడం తప్పని తానే పదిమందిలో ఒప్పుకున్నట్టు. వద్దు అంటే, ఈ పిల్ల చెయ్యి పోతుంది, ఆ పోవడం తన పేరు మీద ఉంటుంది. గాలయ్య పేరు మీద వేయడానికి ఇక వీలుండదు. సిద్ధిరాములుకు రెండూ స్పష్టంగా కనపడ్డాయి. మూడోది ఏమైనా ఉందా అని వెతికాడు.

అతను మంచం మీది నుంచి లేచాడు. భుజం మీద తువ్వాలు వేసుకున్నాడు. గుమ్మం ముందు గాలయ్య పక్కకు తప్పుకున్నాడు. సిద్ధిరాములు అతన్ని తాకకుండా బయటికి దాటి, చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"బాపూ, పిల్ల అడిగింది" అన్నాడు రమేశ్ వెనక నుంచి. "కూసోమంటవా, వద్దంటవా?"

సిద్ధిరాములు వెనక్కి తిరగకుండానే చెప్పాడు.

"గంగాబాయి ముచ్చట గాని, కూసునే ముచ్చట గాని ఇగ నా ముంగట ఎవ్వలు ఎత్తొద్దు. అవునా అని అడగొద్దు, కాదా అని అడగొద్దు. నేను చెప్ప. నేను సచ్చేదాంక కూసో అని గాని, వద్దు అని గాని నా నోట రాదు."